గోడ వైపు

"వద్దన్న మనిషిని నీళ్ళు తాగుమని గింతసేపు బతిలాడుడు గీ ఇంట్లనే సూస్తున్న," అంది కొండమ్మ. పగటి బువ్వలు తిన్నప్పట్నుంచి ఆమె ఇదే మాటను రకరకాలుగా అంటూనే ఉంది.

"నువ్వు జర ఊకో నానమ్మా." పూజిత చేతిలో స్టీలు గ్లాసు అట్లాగే ఉంది. "అమ్మా, సగం తాగు. సగమే."

"తర్వాత తాగుత," అంది శంకరమ్మ.

"పొద్దుగాల గూడ గిట్లనే అన్నవ్."

"మరి నోరు తెరిసి పోస్తవా ఏంది, గొర్రెపిల్లకు మందు వోసినట్టు." కొండమ్మ గడప దగ్గర కూచుని చాటలో కందులు చెరుగుతోంది. తల ఎత్తడం లేదు, చెరగడం ఆపడం లేదు. "దాహమైతె తాగదా? ఆమె ఏమన్న పసిపిల్లనా?"

"తాగకుంటె లోపల ఖరాబైతదని సారు చెప్పిండు."

"సారు చెప్తడు. చెప్పుడే గదా సారు పని. పైపు పెట్టేది సారా, నువ్వా?"

తగువు అక్కడికి ఆగింది. కొండమ్మ గెలవాలని అన్న మాట కాదది, కందుల్లో రాయి ఏరినట్టు ఏరి పక్కన పెట్టింది అంతే. కానీ శంకరమ్మ పొద్దుట్నుంచి నోట్లో దాచుకున్న సంగతి అదే. గ్లాసు నీళ్ళు తాగితే కాసేపటికి పొట్ట కింద బిగుసుకుంటుంది, తల దిమ్మెక్కుతుంది, చెమటలు పడతాయి, అప్పుడు పూజిత పుస్తకం మూసి లేస్తుంది, చేతులు సబ్బుతో కడుక్కుంటుంది, తలుపు దగ్గరికేస్తుంది, మూత్రం పైపు పెట్టడానికి కన్నతల్లి తొడలు రెండు చేతులతో ఎడం చేస్తుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల. తాండూరు కాలేజీకి పోవడం మానేసి ఎన్నాళ్ళయిందో తల్లీ కూతుళ్ళిద్దరూ పైకి లెక్క పెట్టరు. అందుకని శంకరమ్మ దాహం ఆపుకోవడం నేర్చుకుంది. ఇది ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్య.

పూజిత గ్లాసు కిటికీలో పెట్టింది. "సరే, తిర్గు. టైం అయింది," అంది. తిర్గు అంటే తిరగమని కాదు, నేను తిప్పుతున్నా అని. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద. మోకాళ్ళ మధ్య దిండు, వీపు వెనక దిండు. ఒక పూట గుమ్మం వైపు, ఒక పూట గోడ వైపు, నడుం కింది పుండు మీద బరువు పడకుండా. ఇప్పుడు గోడ వంతు.

గోడకు ఎదురుగా ఉంటే ఇల్లు వెనక్కి వెళ్ళిపోతుంది. ఆమె ముందు ఒక నీలం సున్నం గోడ, దాని మీద సున్నం పెచ్చులూడిన జాగా, ఎప్పటిదో ఒక మేకు. ఆ పెచ్చులూడిన చోటు ఒక పూట పడుకున్న కుక్కలాగా, ఒక పూట ఎవరో ముసలాయన మొహంలాగా ఉంటుంది, ఇయ్యాల ఏమీ కాకుండా పెచ్చులూడిన గోడలాగానే ఉంది. వెనక చాట చప్పుడు. గాలి పరుపు కింద మిషను గురగురమని ఊపిరి తీస్తోంది, కరెంటు ఉన్నంతసేపూ అది బతికే ఉంటుంది, కరెంటు పోతే అదీ ఈమెలాగా చప్పబడి పడుంటుంది. దిండు కింద ఫోను. పొద్దున ఆ ఫోనుకు రెండు కాల్స్ వచ్చాయి. మొదటిది వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు, పూజిత బోరింగు కాడికి పోయింది. తాండూరు నుంచి సమ్రీన్ వాళ్ళ అన్న నదీం. "అక్కా, మా సమ్రీన్ పోయింది. మొన్న. జ్వరమొచ్చె," అన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియక, "నీకు చెప్పుమనేది ఎప్పుడన్న ఏమన్నయితే," అన్నాడు. ఆ ఎప్పుడన్న అనే మాట దగ్గరే, ఎవరు ముందు పెట్టేశారో తెలియకుండా ఫోను పెట్టేశారు. రెండోది వచ్చినప్పుడు పూజిత ఉంది, స్పీకర్ పెట్టింది, కాబట్టి కొండమ్మ విన్నది, గొర్రెల్ని విప్పుతున్న మొగుడు బీరన్న కూడా విన్నాడు. వికారాబాద్ నుంచి ఏసుదాసు సారు. నడుములు విరిగినవాళ్ళకు కూచోవడం, మంచం దిగడం నేర్పే చోటు అది, శంకరమ్మ అక్కడ కొన్నాళ్ళు ఉండి వచ్చేసింది. "ఒక మంచం ఖాళీ అయింది శంకరమ్మా. సోమవారం నుంచి నీకిస్తం. ముందు పుండు మానిపిస్తం, తర్వాత కూచోబెడతం, పైపు నీ చేత్తో నువ్వే పెట్టుకుంటవు. ఇయ్యాల చీకటి పడేలోపల చెప్పాలె, లేకుంటె వేరేవాళ్ళు చూస్తుండ్రు." ఏ మంచం సారూ అని అడిగింది. కిటికీ పక్కది అన్నాడు. ఆయనకు తెలుసో లేదో, నదీం శంకరమ్మకు ముందే చెప్పాడని. గొంతులో ఏమీ లేదు. చెప్పకూడదనుకునే మనిషి గొంతు అట్లాగే ఉంటుంది.

కిటికీ పక్కది. సమ్రీన్ మంచం. ఆ కిటికీలోంచి గుట్ట కనపడుతుంది, వానాకాలం పచ్చగా ఉండి ఎండాకాలం ఎండు కంప అయిపోయే గుట్ట. సమ్రీన్ అద్దం పట్టుకుని పుండు చూసుకునేటప్పుడు గుట్ట కూడా అద్దంలో పడేది. "క్యా అక్కా, నా వెనకాల ఎంత పెద్ద జాగా ఉందో సూడు, ప్లాట్లు కొట్టి అమ్మొచ్చు," అనేది. ఇరవై దాటి ఎంతో కాలేదు. అన్న బండి మీద వెనక కూచుని పెళ్ళి బట్టలకు పోతుంటే చున్నీ కొస చక్రంలో చుట్టుకుంది. ఆ చున్నీ రంగు కూడా చెప్పేది, ఉల్లిపొర రంగు, ఇంకా దొరుకుతలేదక్కా గా రంగు అనేది, నడుం పోయినందుకు కాకుండా చున్నీ పోయినందుకు బాధపడినట్టు. వారానికోసారి ఒక మేడం వచ్చేది, మనసు సంగతి అడగడానికి. శంకరమ్మ జన్మలో ఎవరూ ఆమెను నీకేమనిపిస్తుందని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలియక, మా గొర్లు ఈసారి మంచిగ ఈనినయంట అని చెప్పింది. మేడం ఓపిగ్గా వినేది. తర్వాత గొంతు తగ్గించి, చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపిస్తుందా అని అడిగేది. పక్క మంచం మీంచి సమ్రీన్, "టైం టేబుల్ ఏస్కున్నం మేడం, మంగళారం అక్కకు, బుధారం నాకు, ఐతారం సెలవు," అంది. మేడం కూడా నవ్వింది పాపం. శంకరమ్మ ఎంత నవ్విందంటే పొట్ట పట్టు తప్పి పక్క తడిసింది, అప్పుడు సమ్రీన్ ఇంకా నవ్వింది. అంత నవ్వు ఇంట్లో ఎన్నడూ నవ్వలేదు. కాళ్ళున్నప్పుడు కూడా.

ఆ పిల్లకు అన్నీ వచ్చాయి. మంచం మీంచి కుర్చీలోకి చెక్క మీద జారడం, కుర్చీలోంచి బాత్రూంలోకి, పైపు, అద్దం, బట్టలు. కొత్తగా వచ్చినవాళ్ళకు తనే నేర్పేది. ఇంటికి పోవడం మాత్రం కాలేదు. ఇల్లు తాండూరులో దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి పోవాలి. అన్నల పెళ్ళిళ్ళయ్యాయి, గదులు రెండు. వచ్చే నెల తీసుకపోతం అనేవాళ్ళు. ఆ వచ్చే నెల ఎప్పటికీ వచ్చే నెలే. శంకరమ్మ ఇంటికొచ్చాక, వాళ్ళ పండుగకు ముందు ఒక మాట పంపింది ఫోనులో, శంకరమ్మ దాన్ని చెరపలేదు, ఇప్పుడు దిండు కింద ఉంది, చెవికి చేతి దూరంలో ఆ గొంతు ఇంకా ఉంది: అక్కా, నాకు అన్నీ వచ్చినయ్, మంచంల కెల్లి కుర్చీలకు, కుర్చీల కెల్లి బాత్రూంకు, కుర్చీల కెల్లి ఇంటికి పొయ్యేదొక్కటి రాలే, ఏసుదాసు సారు గది నేర్పలే. చివర నవ్వు. నవ్వు తర్వాత కాసేపు ఏమీ లేకుండా ఫోను నడిచింది, ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు, అంతే. ఆ తర్వాత నుంచి తింటలేదక్కా అని అక్కడి ఆయమ్మ ఫోనులో చెప్పింది ఒకసారి. జ్వరమొచ్చె, అన్నాడు నదీం. జ్వరం ఊరికే రాదు. జ్వరానికి తలుపు తీయాలి ఎవరో ఒకరు. సమ్రీన్ తీసిందా? నీళ్ళు తాగడం మానేసిందా నాలాగా, అద్దం పెట్టుకుని చూసుకోవడం మానేసిందా, సారుకు చెప్పకుండా బరువు ఒక పక్కే మోపి గుట్టను చూస్తూ పడుకుందా? అడగడానికి లేదు. నదీంను అడిగితే ఏడుస్తాడు, సారును అడిగితే కాదంటాడు.

"నానమ్మా, చింతపండు ఏడ పెట్టినవ్?" "మంచం కింద డబ్బల సూడు." మంచం కింద అంటే తన కింద. పూజిత వంగి డబ్బా లాగింది, మంచం కదిలిందేమో, కదిలినా తెలిసేది మెడకే. కాళ్ళ సంగతి కాళ్ళకు ఎరుక. ఆ రెండు కాళ్ళు ఇప్పుడు తన వెంట పండుకున్న ఎవరో పరాయి మనుషులు, పెట్టింది తింటారు, పలకరించినా పలకరు, ఒక్కోసారి అర్ధంతరంగా ఎగిరి పడతారు. ముందుగాల ఇవి బాగానే పలికేవి. చెట్టెక్కమంటే ఎక్కేవి. గొర్లు కాసే కురుమోళ్ళ ఇంట్లో ఆడపిల్ల చెట్టెక్కితే అందరూ తిట్టేవాళ్ళు, నాయిన మాత్రం తిట్టలేదు, పైకి చూసి ఇంకా ఆ కొమ్మ ఆ కొమ్మ అని చూపించేవాడు. అత్తగారింటికి వచ్చాక కూడా మందలో పిల్లలకు ఆకు కావాలంటే తనే ఎక్కేది. గొర్రెపిల్లలకు మేడి ఆకు ఇష్టం. మేడి కొమ్మ పెళుసు, ఆ సంగతి తెలియనిదా, తెలిసే ఎక్కింది, తెలిసే ఇంకో అడుగు ముందుకు పెట్టింది, చివర్న ఆకు లేతగా ఉంది. కొమ్మ విరిగిన చప్పుడు తర్వాత విన్నది, అంటే చప్పుడు కంటే ముందే ఆమె కింద ఉంది. నొప్పి లేదు. నొప్పి లేనందుకు బతికిన అనుకుంది. యాలాల్ దిక్కు రోడ్డు మీద ఏదో పెళ్ళి బండి పాటలు పెట్టుకుని పోతోంది.

బీరన్న ఉరికొచ్చాడు గట్టు మీంచి. వచ్చి, కుంటిపడ్డ గొర్రెను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. వేరే తీరు ఆయనకు తెలియదు, ఆయన నాయినకు తెలియదు. తోడేలు కరిచినా, కాలు విరిగినా, ఈనలేక పడిపోయినా మెడ మీద వేసుకుని, ముందు కాళ్ళు రెండు ఒక చేత, వెనక కాళ్ళు రెండు ఒక చేత పట్టుకుని ఇంటికి తేవడమే. అట్లా మెడ చుట్టూ వేసుకుని పరుగు తీశాడు. ఆమెకు తలకిందులుగా ఆయన మడమలు కనపడ్డాయి, లేస్తూ పడుతూ దుమ్ము కనపడింది. చెమట వాసన, గొంగడి వాసన. పెళ్ళయినప్పట్నుంచి నలుగురిలో ఒక్కసారన్నా చెయ్యి పట్టుకున్న మనిషి కాదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఏదో సంతోషం కూడా, దాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు, ఉన్నంత మేరకు, జలదరిస్తుంది. కాళ్ళు జారిపోతున్నట్టు, ఎవరూ పట్టుకోనట్టు అనిపించి, "కాళ్ళు పట్టుకో, జారుతున్నయ్," అంది. "పట్టుకునే ఉన్న," అన్నాడు బీరన్న పరిగెత్తుతూనే. కాసేపాగి మళ్ళీ అంది. "పట్టుకునే ఉన్ననే, రెండు పట్టుకునే ఉన్న."

హైదరాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టరు, ఎట్ల తీస్కొచ్చిండ్రు అని అడిగాడు. బీరన్న రెండు చేతులు మెడ దగ్గర పెట్టి చూపించాడు, ఎంత తొందరగా తెచ్చాడో చెబుదామని. డాక్టరు ఒక క్షణం ఆ చేతుల వైపే చూశాడు. కదలకుండ చెక్క మీద తేవాలయ్యా అన్నాడు. అట్ల తెచ్చినా గిట్లనే ఉండేదేమో, చెప్పలేం, అన్నాడు. ఆ చెప్పలేం అనే మాట వాళ్ళిద్దరి మధ్యకు వచ్చి పండుకుంది. వెన్నుపాము దెబ్బతిన్నదన్నారు. మనిషి లోపల అట్లాంటిదొకటి ఉంటుందని అది చెడిపోయాకనే తెలిసింది. బీరన్న ఆమెను ఏమీ అనలేదు, ఆమె బీరన్నను ఏమీ అనలేదు. పగలంతా గొర్ల వెంట, రాత్రి వాకిట్లో. అన్నం తిన్నవా అని గుమ్మంలోంచి అడుగుతాడు. ఆనాటి నుంచి గొర్రె కుంటిపడితే మెడ మీద వేసుకోవడం మానేశాడు. తమ్ముడు పరశురాంను పిలుస్తాడు, లేకపోతే అది లేచేదాకా పక్కన నిలబడతాడు. నీ తప్పు కాదయ్యా అని ఆమె ఒక్క మాట అంటే సరిపోతుంది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. కానీ నిజంగా కాదా? చెప్పలేం అన్నాడుగా డాక్టరు. ఆయనకంటే ఎక్కువ తనకేం తెలుసు. ఆ మాట అనకుండా ఉంచుకోవడంలో ఏదో ఉంది, దాన్ని కూడా ఇచ్చేస్తే తన దగ్గర ఇంకేం మిగలదు.

చాట చప్పుడు ఆగింది. కొండమ్మ లేచింది, మోకాళ్ళు పట్టుకుని, అయ్య బీరప్పా అనుకుంటూ. బీరప్ప. వికారాబాద్‌లో అప్పుడప్పుడే చెక్క మీద జారడం వస్తోంది, సమ్రీన్ చప్పట్లు కొడుతోంది, ఇంతలో ఇంటినుంచి వచ్చారు, బీరప్ప పండుగకు నాలుగు రోజులు తోలుకపోతం సారూ అని. ఏసుదాసు సారు వద్దనలేదు. కింద కూచోబెట్టొద్దు, గంట గంటకు లేపాలె అని మాత్రం చెప్పాడు. గుడి ముందట కూచోబెట్టారు, మామ నేయించిన పాత గొంగడి, ఇంటికి పెద్ద గొంగడి, దాని మీద. కొండమ్మ దాన్ని పెట్టెలోంచి తీసినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఎవరికీ తీయని గొంగడి అది. ఒగ్గోళ్ళు డోలు కొట్టి బీరప్ప కథ ఎత్తుకున్నారు. డోలు మోత మోగుతుంటే, నేల అదిరి, ఆ అదురు ఎట్లా పోయిందో కాళ్ళలోకి పోయింది. కుడికాలు ఎగిరింది. తర్వాత ఎడమది. రెండూ కొట్టుకున్నాయి, గొంగడి మీద టపటపమని. డోలు ఆగింది. కదిలింది కదిలింది అన్నారు. దేవుడు పట్టిండు అన్నారు. కొండమ్మ గుప్పెడు బండారు పసుపు తెచ్చి కాళ్ళ మీద చల్లి, ఆ కాళ్ళ మీదే పడి ఏడ్చింది. అత్త కోడలి కాళ్ళ మీద పడడం ఎవరన్నా చూశారా? బీరన్న గుంపులోంచి ముందుకు వచ్చి నిలబడ్డాడు, మొహం పెళ్ళినాటి మొహం. అది దేవుడు కాదని శంకరమ్మకు తెలుసు. నరాలు వాటంతటవే కొట్టుకుంటయి, దాన్ని చూసి ఆశపడొద్దు అని సారు ఎన్నిసార్లు చెప్పాడో. తెలుసు, అయినా ఆ మొహం చూసి, చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకపోగా తనూ నమ్మింది. తెల్లారేదాకా నమ్మింది. ఎవరూ లేపలేదు, దేవుని ముందట కూచున్న మనిషిని ఎవరు లేపుతారు. తెల్లారి పక్క మీద వేసి చూస్తే నడుం కింద, తన అరచేయంత మేర నల్లగా కమిలింది. పసుపు పెడితే మానుతుందన్నారు. దేవుడు మొదలుపెట్టిండు గదా ఇంకా ఆసుపత్రి ఎందుకన్నారు. కమిలింది ఊడింది, ఊడింది లోతయింది. కాళ్ళు మళ్ళీ మళ్ళీ ఎగిరాయి. ఆ ఎగురుడు చూసి ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. పూజిత వచ్చి దుప్పటి సర్దిపోతుంది.

ఆ పిల్ల. చదివేది తలగడ పక్కన కూచునే. పైకి చదివితేనే పిల్లకు తలకెక్కుతుంది, చిన్నప్పట్నుంచి అంతే. ఆకులు, వేర్లు, కప్ప గుండె, ఎర్ర కణాలు తెల్ల కణాలు, శంకరమ్మకు సగం పాఠాలు నోటికొచ్చేశాయి. ఒకనాడు చదువుతూ చదువుతూ గొంతు ఆగింది. పేజీలు తిరుగుతున్నాయి గానీ మాట లేదు. ఏం పాఠం బిడ్డా అంటే, ఏం లేదమ్మా, పరీక్షల రాదు ఇది అంది. పుస్తకంలో మనిషి వెనక నుంచి గీసి ఉన్నాడు, మెడ నుంచి కిందిదాకా తాడులాగా ఒకటి. చూడకుండా ఉంటే బాగుండేది. పిల్ల చేతులు ఎప్పుడూ డెట్టాల్ వాసన. మొన్న గుమ్మంలో ఎవరో స్నేహితురాలొస్తే నవ్వుతోంది, చాలా రోజులకు నవ్వుతోంది, నవ్వుతూ నవ్వుతూ గోడ గడియారం దిక్కు చూసి ఆగిపోయింది. నల్లా కట్టేసినట్టు ఆగింది. ఆ ఆగడం తన వల్ల. చస్తే బాగుండు అనుకుంటే చావు కూడా ఇంట్లోవాళ్ళ పనే. బాయిలో పడాలన్నా బాయిదాకా ఎవరో మోసుకుపోవాలి, మోసుకుపోయేది మళ్ళీ ఆ పిల్లే, జాగ్రత్తగా, మెడ కింద చెయ్యి పెట్టి. ఇది తలుచుకుని ఒకసారి ఏడవబోయి నవ్వింది. సమ్రీన్‌కు చెప్పాలనుకుంది, ఇది విని అది పడీపడీ నవ్వేది. చెప్పలేదు. రేపు చెబుతాననుకుంది.

ఇప్పుడా మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి మార్చుంటారు. రెగ్జిన్ తుడిచుంటారు. గుట్ట అట్లాగే ఉంటుంది. అన్నీ వచ్చిన పిల్ల అక్కడే పోయింది, ఏమీ రాని నేను పోయి ఏం చేయాలి? పుండు మానుతుందట. మానితే కూచుంటానట. కూచుంటే పైపు నేనే. పైపు నేనే పెట్టుకుంటే? అక్కడితో తోవ ఆగుతుంది. దాని అవతల శంకరమ్మకు ఏమీ కనపడలేదు, ఇల్లు కనపడలేదు, గొర్లు కనపడలేదు, ఎవరి మొహమూ కనపడలేదు, ఈ నీలం గోడే కనపడింది. కానీ ఈ పక్క మాత్రం ఒకటి కనపడింది, స్పష్టంగా. చేతులు. డెట్టాల్ వాసన లేని రెండు చేతులు, తాండూరు బస్సులో కమ్మీ పట్టుకుని. అంతకంటే ఎక్కువ చూద్దామని ఎంత ప్రయత్నించినా అవే.

గొర్లు వచ్చాయి. ముందు మెడగంటలు, తర్వాత దుమ్ము వాసన, తర్వాత కొట్టంలో తల్లుల కోసం పిల్లల అరుపులు. బీరన్న చెప్పులు విప్పిన చప్పుడు. కాళ్ళు కడుక్కున్న నీళ్ళ చప్పుడు. దాని వెనకే పరశురాం బండి, బండలు పాలిష్ పట్టే మిషన్ల కాడ పొద్దంతా నిలబడి రాతిపొడితో తెల్లగా వస్తాడు.

"వదినె, గోడ మీద ఏం సినిమా నడుస్తుంది?" రోజూ అడిగేదే.

"గదే. పాతది."

"హీరో వచ్చిండా?"

"యాడ, ఇంటర్వెల్ గూడ కాలే."

పరశురాం నవ్వుకుంటూ మొహం కడుక్కోవడానికి పోయాడు. పూజిత స్విచ్ వేసింది, గోడ పసుపుపచ్చగా అయింది, తన నీడే దాని మీద పొడుగ్గా, లేవని గుట్టలాగా.

"సారుకు ఫోన్ జెయ్యాలె," అంది పూజిత. "చీకటి పడ్తుంది."

"వద్దని చెప్పు," అంది కొండమ్మ. "ఇంటి మనిషిని తీస్కపొయ్యి ఆడ పడేస్తరా? ఊళ్ళె ఏమంటరు? నా పానం ఉన్నన్ని దినాలు నేను సూసుకుంట."

"నువ్వేం సూసుకుంటవ్ నానమ్మా, నీకు కండ్లే కనిపియ్యవ్. నేను పోత అమ్మ తోటి. పరీక్ష ఏముంది, మల్లొక పారి రాస్త."

"మల్లొక పారి అంటె మల్లొక ఏడాది," అన్నాడు పరశురాం తువ్వాలతో చెవి తుడుచుకుంటూ. "అనుడు సులువే."

"అయితె నువ్వు పో కాకా."

"నేను పోతె ఆడోళ్ళ వార్డుల నన్నుంచుకుంటరా?"

"గందుకే వద్దని చెప్పుమంటున్న," అంది కొండమ్మ. "ఏమిరా బీరన్నా, నోట్లె నాలిక లేదా? చెప్పు."

బీరన్న గుమ్మంలోనే ఉన్నాడు, గొంగడి వాసన వస్తోంది అక్కణ్నుంచి. శంకరమ్మ ఆయన నిలబడిన తీరు చూడకుండానే చూసింది, ఒక చెయ్యి దర్వాజకు ఆనించి, ఒక కాలు మీద బరువు వేసి. తిప్పమని పిల్లను పిలవొచ్చు. తిప్పితే అందరి మొహాలూ చూడాలి. మొహాలు చూస్తే మాట మారుతుంది, గుడి ముందట ఆ రాత్రి మారినట్టే. గోడ మంచిది. గోడకు ఆశ లేదు.

"సోమారం నేను వికారాబాద్ పోత," అంది గోడతో. గొంతు పెద్దది చేయలేదు. గదిలో మాటలు ఆగిపోయాయి కాబట్టి అందరికీ వినపడిందని తెలిసింది. "ఒక్కదాన్నే పోత. ఆడ ఆయమ్మలుంటరు. పూజిత రాదు. రేపట్నుంచి కాలేజికి పోతది, పరీక్ష రాస్తది. సారుకు గదే చెప్పు బిడ్డా, వస్తనని చెప్పు. పరశురాం, కంపెనీల ట్రాలీ ఆటో అడుగు, పండుకోబెట్టి తీస్కపోవాలె."

వాళ్ళు అడిగే వాటికి జవాబులు మనసులో సిద్ధం చేసి పెట్టుకుంది. తోడు లేకుండా ఎట్లా అంటే ఏమనాలో, ఊళ్ళో ఏమంటారంటే ఏమనాలో, నేనుండలేనమ్మా అని పిల్ల ఏడిస్తే ఏమనాలో. వెనక పరుపు మిషను గురగురలాడుతోంది. ఎవరో ముక్కు ఎగబీల్చారు, పూజితే అయుండాలి. కొండమ్మ చాట తీసి గోడకు ఆనించిన చప్పుడు. గొంగడి వాసన మంచానికి దగ్గరగా వచ్చి ఆగింది. చాలా రోజులకు అంత దగ్గరగా వచ్చాడు.

"పొద్దుగాల్లనే బయలెల్తె ఎండ గొట్టదు," అన్నాడు బీరన్న.